పలకా, బండా, గచ్చా?

నోటుపుస్తకాలు, రేకు పలకలు వచ్చాక మార్కాపురం పలకరాయి బడి నుంచి నేలలకూ గోడలకూ మళ్లింది. పెద్దదోర్నాల నుంచి గిద్దలూరు దాకా ఎక్కడ పాత షెడ్డో గోదామో బాగుచేయబోయినా మొదటి గడ్డపార దెబ్బ మాత్రం నేలకే. "నల్లబండలే కదా" అంటారు. ఆ నలుపులో రెండు జాతుల రాళ్లున్నాయి.

పలకరాయి పుట్టింది వంద కోట్ల ఏళ్లకు మునుపు, సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురదలోంచి. నేల ముడతలు పడినప్పుడు పక్కల నుంచి ఒత్తిడి వచ్చింది. బురదలోని బంకమన్ను అభ్రకపు రేకులై, ఆ ఒత్తిడికి అడ్డంగా వరుసతీరింది. ఉలి పెట్టి తడితే ఆ వరుస వెంటే పలచగా చీలుతుంది. కడప బండ, బేతంచర్ల బండ అలా కాదు. అవి సున్నపురాళ్లు, పేరుకున్న పొరల వెంటే విడతాయి.

తేడా తేల్చడానికి నిమ్మకాయ చాలు. బండ మూలను చాకుతో గీకి, రాలిన పొడి మీద రసం చుక్క వేయండి. సున్నపురాయైతే కార్బన్ డయాక్సైడ్ సన్నటి నురగగా లేస్తుంది. పలకరాయి సాధారణంగా ఉలకదు, పలకదు. చుక్క అతుకు మీద పడితే మోసపోతాం, అక్కడి సున్నం ఎటూ నురగ కడుతుంది. ఇది తెలుసుకోకుండా యాసిడ్‌తో కడిగితే కడప బండ మెరుపు శాశ్వతంగా పోతుంది. బండల అంచులూ చూడాలి: ఉలిదెబ్బల గరుకుంటే చేతిపని, వంపు గీతలుంటే గుండ్రటి రంపం కోత.

అసలు అతుకులే లేకపోతే? అది గచ్చు కావచ్చు. నాకు అన్నిటికంటే ఇష్టమైన నేల ఇదే. దీని వెనకున్న యంత్రం సున్నపు గానుగ: గుండ్రటి రాతి కాలువ, అందులో ఎద్దులు తిప్పే బరువైన రాతిచక్రం. సున్నం, ఇసుక, ఇటుకపొడి తడిపి అందులో నలిపేవారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లూ కలిపేవారు. కాలిన ఇటుకలోని సిలికా సున్నంతో కలిసి నీటికి కరగని బంధమవుతుంది. మిగిలిన సున్నం గాలి పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. విరిగిన అంచులో ఎర్రటి ఇటుక రవ్వలు కనిపిస్తే గచ్చని ఖాయం చేసుకోవచ్చు.

ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1914లో పోర్‌బందర్ కర్మాగారం దాన్ని పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి గానుగలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. పాత గచ్చుకు సిమెంటు అతుకేస్తే మాత్రం నిలవదు. గట్టి సిమెంటు పక్కన మెత్తటి సున్నం చిట్లుతుంది, లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. సున్నాన్ని సున్నంతోనే మరమ్మతు చేయాలి.

బండ పలకైనా కడపదైనా, పగలకుండా లేపి, సుద్దతో అంకె వేసుకుని, అడుగు మట్టం సరిచేసి తిరిగి పరవొచ్చు. పైముఖం అరిగిన మందపాటి బండలను తిరగేసి, అడుగు చెక్కి పరిచినా మరో తరం నడుస్తుంది.