30 కిలోల కాయ.. అయినా దీవి దాటలేదు! ఏంటీ ‘సముద్రపు కొబ్బరి’ కథ?

రెండు కొబ్బరికాయలు అతుక్కున్నట్టుండే ఒక కాయ ఫొటో సోషల్ మీడియాలో అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది. ఆ షేప్ చూసి కామెంట్లలో ఒకటే జోకులు. అది ఏఐ ఫొటో కాదు, నిజమైన కాయే. పేరు కోకో డి మేర్. సముద్రపు కొబ్బరి అని కూడా అంటారు.

పేరుకే కొబ్బరి. అసలు ఇది లోడోయిసియా అనే ప్రజాతికి చెందిన చెట్టు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. మరి దగ్గరి చుట్టం ఎవరో తెలుసా? మన తాటిచెట్టు! ఆకు అచ్చం తాటాకులా విసనకర్ర ఆకారంలో ఉంటుంది. లేత కాయలో ముంజలాంటి గుజ్జు.. ముదిరితే మాత్రం రాయే. తాటిలాగే ఇందులోనూ మగ చెట్టు, ఆడ చెట్టు వేరు.

కాయ 15 నుంచి 30 కిలోలు తూగుతుంది. లోపలున్నది ప్రపంచంలోనే అతిపెద్ద విత్తనం. ఇంత ఘనత ఉన్న చెట్టు సహజంగా పెరిగేది సీషెల్స్ దేశంలోని రెండే దీవుల్లో.. ప్రాలిన్, క్యూరియూజ్.

ఎందుకలా? మామూలు కొబ్బరికాయ పీచు వల్ల నీళ్లలో తేలుతుంది, కొట్టుకుపోయి ఇంకో తీరంలో మొలుస్తుంది. ఇది బరువుకు మునిగిపోతుంది. లోపల కుళ్లి డొల్ల అయ్యాకే తేలుతుంది. తీరం చేరినా మొలవదు.

అలా కొట్టుకొచ్చిన డొల్లలే వందల ఏళ్లు జనాన్ని బురిడీ కొట్టించాయి. సముద్రం అడుగున ఏదో చెట్టుందని నమ్మారు. మాల్దీవుల్లో దొరికితే రాజుకే ఇవ్వాలి. శాస్త్రీయ నామంలో ‘మాల్దివికా’ అని ఉండటానికి కారణం కూడా ఇదే.. చెట్టు అక్కడ లేకపోయినా! మన దేశంలో సాధువులు, ఫకీర్లు ఈ చిప్పతో కమండలాలు, భిక్షాపాత్రలు చేసుకున్నారు. 1768లో ఫ్రెంచ్ వాళ్లు ప్రాలిన్‌లో చెట్టును చూశాకే గుట్టు వీడింది.

ఇప్పుడు ప్రాబ్లం దొంగలతో. లోపలి పప్పును మందుల పేరుతో పొడి చేసి ఆసియా మార్కెట్లలో అమ్ముతున్నారు. ఒక్క కాయ ముదరడానికే ఆరేడేళ్లు. చెట్టు కాపుకు రావాలంటే దశాబ్దాలు. కిందపడ్డ కాయల్ని ఏరుకుపోతుంటే కొత్త మొక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే ఇది అంతరించే ముప్పున్న జాతుల లిస్టులో ఉంది.

వేరేచోట పెంచుకోవచ్చుగా అంటారా? అదంత ఈజీ కాదు. కోల్‌కతా పక్కనే హౌరా బొటానిక్ గార్డెన్‌లో 1894లో నాటారు. పెరిగింది ఒకే ఒక్క ఆడ చెట్టు, తోడు లేదు. చివరికి థాయ్‌లాండ్ నుంచి పుప్పొడి తెప్పించి, చేత్తో అద్దితేగానీ కాయ పట్టలేదు.

సీషెల్స్‌లో ఈ కాయల్ని టూరిస్టులకు అమ్ముతారు. కానీ ప్రభుత్వ పర్మిట్ ఉన్నదే కొనాలి. అది లేకుండా కాయను దేశం దాటించడం అక్కడ నేరం.