సముద్రపుటొడ్డున కాలిన పట్టణము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోవుట యను సామెతను మనమందరము ఎరుగుదుము. దానిని స్వయముగా అనుభవించిన ఒక పట్టణపు వృత్తాంతమును నేడు మీకు మనవి చేసెదను.

అమెరికా పడమటి ప్రాంతమున సియాటిల్ అను రేవుపట్టణము కలదు. 1889 జూన్ 6వ తేదీ మధ్యాహ్నము అచ్చటి ఒక వడ్రంగి కార్ఖానాలో కాచుచున్న జిగురు పొంగి అంటుకొనెను. నేలమీద చిత్రికపొట్టు, టర్పెంటైను నూనె ఉండెను. పనివాడు తొందరపడి నీళ్ళు పోసెను. మండెడు నూనె నీటిపై తేలి నలుదిక్కులకు ప్రాకెను. ఇట్టి మంటను ఇసుకతో కప్పి, గాలి అందకుండ చేయవలెను.

నడి ఊరిలోని అంగళ్ళు చాలవరకు కొయ్యకట్టడములు. నీటిసరఫరా ఒక ప్రైవేటు కంపెనీది; గొట్టములలో పెక్కు దుంగలను తొలిచి చేసినవి, సన్ననివి. మంటకై పలుచోట్ల నీరు విడిచినకొలది ధార నీరసించెను. మన వీథిలో అందరును ఒక్కమారే కుళాయి త్రిప్పినపుడు జరుగునదియు ఇదియే. ఎదుట సముద్రమున్నది, కాని అప్పుడు ఆటు వేళ యగుటచే నీరు వెనుకకు తగ్గియుండెను. తెల్లవారుసరికి వ్యాపారస్థలమంతయు, ఓడరేవు కట్టలతో కూడ, బూడిదయయ్యెను.

పిమ్మట పౌరులు మేల్కొనిరి. జూలైలో 1,875 వోట్లు అనుకూలముగను, 51 మాత్రమే ప్రతికూలముగను రాగా, నీటిసరఫరాను నగరమే చేపట్టుటకు నిశ్చయమయ్యెను. కాలిన చోట ఇటుకతోను రాతితోనే కట్టవలెనని శాసించిరి. ఆ యేడే జీతపు అగ్నిమాపకదళము ఏర్పడెను. 1901లో సీడర్ నదీజలము ఊరు చేరెను.

ఈ దూరపు కథ మనకేల యందురేమో. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. ఎండిన ఊకకు, గోనెసంచులకు ఒక్క రవ్వ చాలును. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములను సాగరు ఎడమకాలువ తడుపుచున్నది. కాని సూర్యాపేట అంగడిలో మంట లేచినచో ఆ కాలువ ఆర్పజాలదు. చెంతనున్న నీరు వేరు, చేతికందు నీరు వేరు.

దారి సంగతియు అంతే. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద, దుకాణములపై నున్న ఇంట, 17 మంది అగ్నికి బలియైరి. వారు దిగవలసిన మెట్లదారి మిక్కిలి ఇరుకు.

కావున ఈ రాత్రి దుకాణము మూయుటకు ముందు చూడుడు: ఇసుకబకెట్టు చేతికందునా? తొట్టిలో నీరున్నదా? అగ్నిమాపక శకటము మీ వీథి మలుపు తిరుగగలదా?