పది తలలు, ఒక్క మనిషి: తోలుబొమ్మతో రెండు శుక్రవారాల పాఠం

బొమ్మల క్లాసు అనగానే "రంగులేయడమేగా" అనుకుంటాం. ఈ పాఠంలో రంగులతో పాటు ఇంకో పని కూడా ఉంది. మనిషిలో మంచీ చెడూ రెండూ కలిసే ఉంటాయన్న సంగతిని పిల్లలకి ఉపన్యాసంలా చెప్పకుండా, కంటికి కనిపించే ఒక గుర్తుతో చెప్పడం ఆ పని. అలాంటి గుర్తునే ప్రతీక అంటాం. పావురం శాంతికి ప్రతీక, త్రాసు న్యాయానికి ప్రతీక. రావణుడి పది తలలు దేనికి ప్రతీక? పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ పాఠం ఎందుకు

జహ్రాలో పెరిగే మన పిల్లల తెలుగు ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. అన్నం తిను, హోంవర్క్ అయిందా, ఫోను పక్కన పెట్టు, ఇవన్నీ బాగానే అర్థమవుతాయి. లోపల ఏమనిపిస్తోందో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. అంటే తెలుగు వాళ్లకి పనులు చెప్పించుకునే భాష, తిట్లు తినే భాషగా మిగిలిపోతోంది. తమ్ముడంటే ఇష్టమే గాని కాస్త అసూయగా కూడా ఉందని అమ్మతో చెప్పుకోవడానికి వాళ్ల దగ్గర తెలుగు మాటలు లేవు.

దీనికి తోడు ఇళ్లల్లో మనం వాడే ముద్రలు రెండే: మంచి పిల్లాడు, చెడ్డ పిల్లాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఒకరోజు కోపంలో చెల్లెల్ని తోసేశాడనుకోండి. ఆ రెండు మాటలే తెలిస్తే, "నేను చెడ్డవాణ్ణి" అని తేల్చేసుకుంటాడు. లేదంటే మంచివాడన్న పేరు పోకుండా కోపాన్ని దాచుకోవడం నేర్చుకుంటాడు. తప్పు ఒప్పుకుని, సరిదిద్దుకుని, మళ్లీ తలెత్తుకోవడానికి మూడో దారి ఒకటి ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట అమ్మానాన్నల భాషలో వింటే ఇంకా బాగుంటుంది.

తోలుబొమ్మనే ఎందుకు తీసుకున్నాం

మన పిల్లల్లో చాలామంది అవ్వాతాతల ఊళ్లు కడప, రాయచోటి, రాజంపేట వైపు ఉంటాయి. అక్కడికి దగ్గర్లోనే, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరం పక్కన నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మల కళాకారుల ఊరిగా దానికి పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. గోదావరి జిల్లాల పిల్లలకి కూడా ఇది పరాయి కళేమీ కాదు. కోస్తాలోనూ తోలుబొమ్మలాట ఉంది.

బొమ్మ తయారీని క్లాసులో ఇలా చెప్పండి. మేకతోలుని నానబెట్టి, వెంట్రుకలు తీసేసి, వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా గీకుతారు. ఆరాక ఆకారం గీసి, రంగులు వేసి, నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నటి రంధ్రాలు చేస్తారు. చేతులూ కాళ్లూ విడిగా చేసి, కదిలేలా తాడుతో కడతారు. మనిషంత ఎత్తు బొమ్మలు కూడా ఉంటాయి. తెల్లటి తెర వెనక దీపం పెట్టి, బొమ్మని తెరకి ఆనించి ఆడిస్తారు. పూర్వం ఆముదం దీపాలు వాడేవారు, ఇప్పుడు కరెంటు బల్బులు వచ్చాయి. రామాయణం ఆటకి పదమూడో శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన రంగనాథ రామాయణం ఆధారం.

ఇక్కడ పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: "రాముడి బొమ్మకీ రావణుడి బొమ్మకీ తేడా ఏంటి?" రంగు వేరంటారు, తలలు వేరంటారు, ఆయుధాలు వేరంటారు. అన్నీ బోర్డు మీద రాయండి. తర్వాత "రెండిట్లో ఒకేలా ఉన్నవేంటి?" అని అడగండి. రెండూ తోలుతో చేసినవే. వెనక ఉన్నది అదే దీపం. ఆడించేది అదే కుటుంబం.  మనం చెప్పాల్సిన సంగతి సగం ఇక్కడే చెప్పేసినట్టు. మంచివాడికి ఒక దీపం, చెడ్డవాడికి ఇంకో దీపం లేవు.

పది తలలకి రెండు లెక్కలు

రావణుడి పది తలలకి మన పెద్దలు రెండు రకాలుగా అర్థం చెప్తారు. మొదటి లెక్కలో నాలుగు వేదాలు, ఆరు శాస్త్రాలు కలిపి పది. అంటే పది తలల చదువు. రావణుడు పులస్త్యుడి మనవడు, విశ్రవసుడి కొడుకు, శివభక్తుడు, వీణ వాయించగలవాడు. రెండో లెక్కలో కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం అనే ఆరూ, వాటితో మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం అనే నాలుగూ కలిపి పది. అంటే పది వైపులకి లాగే మనిషి.

పిల్లలు "ఏది కరెక్టు టీచర్?" అని తప్పకుండా అడుగుతారు. ఒకటి ఎంచి చెప్పకండి. తలలు అవే పది. చదువు ఉన్న తలలోనే గర్వం కూడా ఉంది. బొమ్మలో ఆ రెండిటినీ విడదీయలేం. "అంత చదువుకున్నవాడు అలాంటి పని ఎందుకు చేశాడు?" అన్న ప్రశ్న పిల్లల నోటి నుంచి వస్తే పాఠం దారిలో పడినట్టే. జవాబు కోసం తొందరపడొద్దు. కథలో ఇంకొక్క ఘట్టం చెప్పండి: యుద్ధం ముగిశాక, రావణుడికి దహన సంస్కారాలు గౌరవంగా చేయమని విభీషణుడికి చెప్పింది రాముడే. తప్పుకి శిక్ష పడింది, మనిషికి మర్యాద మిగిలింది.

దాచడం వేరు, రెండూ ఉండడం వేరు

ఇక్కడ పెద్దలు కూడా తరచు కలిపేసే విషయం ఒకటుంది. మన భాషలో మేకవన్నె పులి, గోముఖ వ్యాఘ్రం, పైన పటారం లోన లొటారం లాంటి మాటలు చాలా ఉన్నాయి. వేమన చూపించిన మేడిపండు కూడా ఆ కోవలోదే. ఇవన్నీ గొప్ప ప్రతీకలే, కానీ ఇవి చెప్పేది కపటం గురించి. పైన కనిపించే మంచి అబద్ధం, లోపలి చెడే నిజం అని వాటి అర్థం.

రావణుడి సంగతి అలా కాదు. ఆయన చదువు నటన కాదు, భక్తి నటన కాదు. చేసిన తప్పూ నిజమే. రెండూ నిజమైనప్పుడు మనిషిని ఎలా చూడాలన్నది ఇంకాస్త కష్టమైన ప్రశ్న. ఈ తేడా చెప్పకపోతే, పిల్లలు తమలోని మంచిని కూడా నాటకమేమో అని అనుమానించే ప్రమాదం ఉంది. చెల్లెల్ని తోసిన పిల్లాడికి చెల్లెలి మీద ఉన్న ప్రేమ అబద్ధం కాదు.

పెద్ద పిల్లలకి స్టీవెన్సన్ 1886లో రాసిన డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్ కథని ఉదాహరణగా ఇవ్వొచ్చు. అందులో డాక్టరు తనలోని చెడుని విడదీసి వేరే మనిషిగా బయటికి పంపుతాడు. చివరికి ఆ రెండో మనిషి అతని చేతికి అందకుండా పోతాడు. పది తలల బొమ్మలో అలా విడదీయడం కుదరదు, అన్నీ ఒకే మెడ మీద ఉంటాయి. "ఏ బొమ్మ మనకి దగ్గరగా ఉంది?" అని అడిగి, పన్నెండు దాటిన పిల్లల్ని పది నిమిషాలు మాట్లాడనివ్వండి.

మొదటి శుక్రవారం: మాటలు

ముందు ఊరితో మొదలుపెట్టండి. జహ్రా ఎర్రకోట మన పిల్లలకి తెలిసినదే. 1920 యుద్ధంలో ఆ గోడలు లోపలున్నవాళ్లని కాపాడాయి. ముట్టడి సాగినంతసేపూ వాళ్లు బయటికి రాలేకపోయిందీ ఆ గోడల మధ్యనే. "గోడ మంచిదా, చెడ్డదా?" అని అడగండి. ఒక వస్తువుకి రెండు అర్థాలుంటాయని ఐదేళ్ల పిల్లలు కూడా పట్టేస్తారు.

తర్వాత ఈ జంటల్ని బోర్డు మీద రాయండి:

పట్టుదల, మొండితనం
ధైర్యం, దుడుకుతనం
పొదుపు, పిసినారితనం
జాగ్రత్త, పిరికితనం
ఆత్మాభిమానం, అహంకారం
జాలి, మెతకదనం

ఒక్కో జంటలో ఉన్నది దాదాపు ఒకే గుణం. ఎక్కడ, ఎంత, ఎవరి కోసం అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. "లెక్క వచ్చేదాకా లేవను" అంటే పట్టుదల. "నేను చెప్పిందే ఆట" అంటే మొండితనం. ప్రతి జంటకీ పిల్లలే ఒక్కో వాక్యం చెప్పాలి, అదీ తెలుగులో. మాట తట్టకపోతే పక్కవాళ్లు సాయం చేయొచ్చు. ఉక్రోషం, అలక, బెంగ, పంతం లాంటి మాటలకి ఒక్క ఇంగ్లీషు మాటతో సరిపెట్టడం కష్టం. వాటిని అనువాదం చేయకుండా చిన్న సందర్భం చెప్పి అర్థం చేయించండి.

రెండో శుక్రవారం: బొమ్మ

కావలసినవి: బేకింగ్ పేపరు, అట్టపెట్టెల ముక్కలు, స్కెచ్ పెన్నులు, కత్తెర, టేపు, పుల్లలు, తెల్ల దుప్పటి, ఒక టార్చి. తోలు ఎలాగూ దొరకదు. బేకింగ్ పేపరు కూడా వెలుతురుని అవతలికి పంపుతుంది కాబట్టి రంగులు తెర మీద బాగా కనిపిస్తాయి.

తరగతి మొత్తానికీ ఒక్కటే రావణుడి బొమ్మ. ఒక్కొక్కరు ఒక్కో తల చేస్తారు. పిల్లలు పదిమంది కంటే ఎక్కువుంటే కొందరు కిరీటాలు, చేతులు చేయొచ్చు. ప్రతి తలకి ముందువైపు జంటలో ఒక మాట, వెనకవైపు రెండో మాట రాయాలి. చేతిలో పట్టుకుని చూస్తే పైన ఉన్న మాటే స్పష్టంగా కనిపిస్తుంది. టార్చి వేయగానే రెండూ కలిసి కనిపిస్తాయి, వెనకది తిరగబడి ఉంటుంది. ఇది మీరు ముందే చెప్పేయకండి, పిల్లలే చూడాలి.

ఆ తర్వాత టార్చి ఆట. బొమ్మని తెరకి ఆనిస్తే నీడ బొమ్మంతే ఉంటుంది, గీతలు తేటగా కనిపిస్తాయి. వెనక్కి, టార్చి దగ్గరికి జరిపితే నీడ గోడంత అవుతుంది, గీతలు చెదిరిపోతాయి. "మనకి కోపం వచ్చినప్పుడు ఇందులో ఏది జరుగుతుంది?" అని అడిగి ఊరుకోండి. మిగతాది వాళ్లే చెప్తారు.

చివర్లో ఆట. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలుంటాయి. రాజుల మాటల మధ్యలో దూరి, ఊళ్లోవాళ్ల భాషలో చమత్కారాలాడతాయి. వాటి పెద్దవాళ్ల హాస్యం మనకొద్దు గాని, ఆ పద్ధతి తీసుకుందాం. ఒక పిల్లో పిల్లాడో బంగారక్కగా వచ్చి ఒక్కో తలని ప్రశ్న అడగాలి: "ఏం నాయనా పట్టుదలా, నువ్వు మొండితనం ఎప్పుడవుతావు?" ఆ తల చేసినవాళ్లు జవాబు చెప్పాలి.

ఏడేళ్లలోపు వాళ్లకి కోట ప్రశ్న, టార్చి ఆట చాలు. ఎనిమిది నుంచి పదకొండేళ్ల వాళ్లకి మొత్తం పాఠం. పన్నెండు దాటినవాళ్లు ఆటకి మాటలు రాయాలి.

జాగ్రత్తలు

"నీలో ఉన్న చెడ్డగుణం రాయి" అని ఏ పిల్లనీ పిల్లాణ్ణీ అడగొద్దు. పిల్లలు తల తరఫున మాట్లాడతారు, అంతే. కొంతసేపటికి కొందరు "నేను కూడా" అని మొదలుపెడతారు. విని, థాంక్స్ చెప్పి, ముందుకి సాగండి. క్లాసులో విన్న ఆ మాటల్ని తల్లిదండ్రుల దగ్గర ఫిర్యాదులా ఎత్తకండి.

మన బడికి హిందూ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిల్లలు వస్తారు. ఇది ఒక కళ గురించి, భాష గురించి పాఠమని ముందే చెప్పండి. పురాణ పాత్ర వద్దనుకునే ఇంటి పిల్లలు అదే పద్ధతిలో మేడిపండునో, పనసపండునో చేయొచ్చు. పనసపండుకి పైన ముళ్లు, లోపల తొనలు. మాటల జంటలు మాత్రం అందరికీ అవే.

"రెండూ ఉంటాయి" అంటే "ఏం చేసినా ఫరవాలేదు" అని కాదు. రావణుడి చదువు ఆయన చేసిన తప్పుని తుడిచేయలేదు. పిల్లలు ఆ మెలిక పెట్టి చూస్తారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఇంట్లో మీరు చేయాల్సింది

ఈ వారం వీడియో కాల్లో అవ్వనో, జేజినో, మామ్మనో, తాతయ్యనో పిల్లల చేత ఒక ప్రశ్న అడిగించండి: "మీరు తోలుబొమ్మలాట చూశారా? అందులో మీకు నచ్చిన బొమ్మ ఏది?" వాళ్లు చూడకపోయినా సినిమాల సంగతి చెప్తారు. ఎన్టీఆర్ 1961లో సీతారామ కళ్యాణంలో రావణుడు, 1963లో లవకుశలో రాముడు. 1977లో దానవీరశూరకర్ణలో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. ఒకే ముఖం అన్ని వేషాలూ వేయగలదని తాతయ్య నోట వింటే పిల్లలకి గుర్తుండిపోతుంది.

రెండోది, డ్యూటీ నుంచి అలసిపోయి వచ్చిన రోజు కూడా "చెడ్డ పిల్లాడివి" అనే బదులు, బోర్డు మీది జంటల్లోంచి ఒక మాట వాడి చూడండి. "నీ పట్టుదల మొండితనం అవుతోందిరా" అంటే పిల్లాడికి రెండు సంగతులు ఒకేసారి అందుతాయి: ఇప్పుడు చేస్తున్నది సరికాదని, తనలో ఉన్న గుణం మాత్రం పనికొచ్చేదేనని. అదే మాట పిల్లలు మనతో అన్నా నొచ్చుకోవద్దు. "నాన్నా, నీ జాగ్రత్త పిరికితనం అవుతోంది" అని మీ అమ్మాయి తెలుగులో అన్న రోజున, బడిలో ఆ మాట నేర్పిన టీచరుకి ఓ కబురు పెట్టండి.