వేడినీటి బుగ్గ స్నానము – జపాను సత్రముల పద్ధతి, మన ఆయుర్వేదము

మోకాళ్ల నొప్పులు, నడుము పట్టు గల పెద్దలు చలికాలము రాగానే వైద్యుని అడుగు ప్రశ్న ఒకటి కలదు: వేడినీటి బుగ్గలో కొన్నాళ్లు స్నానము చేసినచో నొప్పి తగ్గునా? జపాను దేశపు పల్లెలలోని వేడినీటి సత్రములలో బస చేసి వచ్చినవారు ఆ స్నానమును ఎంతగానో కొనియాడుదురు. వారి మాటలో సత్యము కలదు. కాని గుణమంతయు నీటిలోనే ఉన్నదని తలచుట పొరపాటు. ఆ నీటి చుట్టూ అల్లుకొన్న నియమములోనే సగము వైద్యము ఉన్నది. నియమము తప్పినచో ఆ నీరే ప్రాణాపాయము కలిగించగలదు. కావున ఈ విషయమును పాఠకులు సమగ్రముగా తెలిసికొనుట మంచిది.

బుగ్గలో నీరు వేడెక్కుట ఎట్లు?

భూమిలోనికి ఒక కిలోమీటరు లోతు దిగినచో వేడిమి సుమారు 25 నుండి 30 డిగ్రీలు పెరుగును. వాననీరు రాతి పగుళ్ల గుండా లోతునకు ఇంకి, అచట వేడెక్కి, మరియొక పగులు గుండా పైకి ఉబుకును. జపానులో అగ్నిపర్వతములు అధికము. అందుచేత అచట వేడినీటి బుగ్గలు వేలకొలది కలవు. వాటిని ఆ దేశీయులు ‘ఓన్సెన్’ అందురు. 1948లో వచ్చిన చట్టము ప్రకారము నీరు పుట్టుచోట 25 డిగ్రీల వేడియైనను ఉండవలెను, లేక నిర్ణీతమైన 19 పదార్థములలో ఒకటియైనను తగు పాళ్లలో ఉండవలెను. ఈ 25 డిగ్రీల కొలత ఆ చలిదేశమునకు తగినది. మన ఎండదేశములో మామూలు బావినీరు సైతము ఆ వేడిని అందుకొనగలదు.

తెలుగునాట అగ్నిపర్వతములు లేకున్నను వేడినీటి బుగ్గలు లేకపోలేదు. భద్రాచలము సమీపమున గుండాల వద్ద గోదావరి ఒడ్డున ఇసుక తవ్వినచో వేడినీరు ఊరును. మణుగూరు ప్రాంతమున పగిడేరులో బొగ్గు అన్వేషణకై వేసిన బోరు నుండి వేడినీరు వెలువడినది.

జపాను సత్రములో దినచర్య

ఆ దేశపు సంప్రదాయ సత్రమును ‘ర్యోకాన్’ అందురు. యమనాషి ప్రాంతపు కొండలలోని నిషియామా ఓన్సెన్ కెయున్‌కాన్ అను సత్రము క్రీ.శ. 705లో వెలసినదని ప్రసిద్ధి. లోకములోని హోటళ్లన్నిటిలో ఇదియే ప్రాచీనమైనదని గిన్నిస్ వారు 2011లో గుర్తించిరి.

అతిథి గడప వద్దనే చెప్పులు విడువవలెను. గదిలో గడ్డితో అల్లిన చాపలు పరచియుండును. పడక నేలమీదనే. ధరించుటకు ‘యుకాతా’ అను వదులైన నూలు అంగీ ఇత్తురు. స్నానఘట్టములు స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా ఉండును.

ఇచట గమనింపదగినది స్నానపు క్రమము. స్నానము చేయువారు తిన్నగా వేడినీటిలో దిగరు. ముందుగా చిన్నపీటపై కూర్చుండి సబ్బుతో ఒడలంతయు శుభ్రపరచుకొందురు. పిదప తొట్టిలోని వేడినీటినే కొంచెము కొంచెముగా పాదముల నుండి పైకి పోసికొని శరీరమును అలవాటు చేసికొందురు. ఆ తరువాతనే మెల్లగా లోనికి దిగుదురు. పొడవైన జుట్టును ముడివేసికొందురు. తువాలును నీట ముంచరు. నీటివేడి సాధారణముగా 40 నుండి 42 డిగ్రీలు. కుసాత్సు అను ఊరిలో బుగ్గనీరు మిక్కిలి వేడిగా ఉండును. అచట చన్నీరు కలిపి పలుచన చేయక, పొడవైన చెక్కపలకలతో కలియబెట్టి చల్లార్చు ఆచారము కలదు.

పూర్వము రైతులు పంటపనులు ముగిసిన పిమ్మట ఇట్టి సత్రములలో వారముల తరబడి ఉండి, తమ వంట తామే వండుకొని, స్నానచికిత్స పొందెడివారు. దీనిని ‘తోజి’ అందురు. మితి మీరి స్నానములు చేసినచో కలుగు నీరసమునకు, తలతిరుగుడుకు ఆ భాషలో ‘యుఆతారి’ అను పేరే కలదు.

ఆయుర్వేద దృష్టి

వేడినీట మునిగియుండుటను మన శాస్త్రము ‘అవగాహ స్వేదము’ అనును. చరకాచార్యులు పేర్కొనిన పదమూడు స్వేదవిధులలో ఇది ఒకటి. వాతము వలన కలుగు నొప్పి, బిగువు, బరువు, చలి దీనివలన శమించును. శరీరము మెత్తబడి, చలియు నొప్పియు తగ్గి, చెమట పట్టుటయే స్వేదము చాలునను గుర్తు. అంతటితో ఆపవలెను. ఇంకను కొనసాగించినచో పిత్తము ప్రకోపించి దాహము, దాహమునకు తోడు ఒళ్లుమంట, మూర్ఛ కలుగును. జపాను వారు చెప్పు యుఆతారికి ఇది మిక్కిలి దగ్గరగా ఉన్నది.

వాగ్భటాచార్యులు వేడినీరు మెడ క్రింది భాగమునకు బలకరమనియు, తలమీద పోసికొనినచో కేశములకు, నేత్రములకు హాని యనియు చెప్పిరి. స్వేదకాలమున కన్నులను, హృదయమును తాపము నుండి కాపాడవలెనని శాస్త్రవిధి. భోజనము చేసిన వెంటనే స్నానము కూడదు.

ఆధునిక శాస్త్రము దీనికి కారణములు చెప్పుచున్నది. వేడికి చర్మములోని రక్తనాళములు విప్పారును. రక్తపోటు తగ్గును, గుండె వేగముగా కొట్టుకొనును. మెడలోతు నీట మునిగినవారి బరువు సుమారు పదవవంతునకు తగ్గినట్లగును. కీళ్లమీద భారము తగ్గుటచే కదలిక సులభమగును.

ప్రమాదము ఎచట?

జపానులో ప్రతి సంవత్సరము వేలకొలది వృద్ధులు స్నానపుతొట్లలో మరణించుచున్నారు. ఈ మరణములు అధికముగా జరుగునది చలికాలములో, స్వగృహములలోనే. చల్లని గదిలో బట్టలు విడిచినపుడు రక్తపోటు పెరుగును, వేడినీటిలో దిగగానే తగ్గును. దిగ్గున లేచినపుడు తలతిరిగి నీటిలోనికి ఒరిగిపోవుదురు. అందుచేతనే అచటి ప్రభుత్వము స్నానపుగదిని ముందుగా వెచ్చబరుచుమనియు, నీటివేడి 41 డిగ్రీలు మించరాదనియు, 10 నిమిషములకు మించి నీటిలో ఉండరాదనియు హెచ్చరించుచున్నది.

ఈ క్రిందివారు అవగాహ స్వేదము చేయరాదు: గర్భిణులు, జ్వరము గలవారు, అతిసారము, కామెర్లు, రక్తస్రావము గలవారు, పుండ్లు ఉన్నవారు, మద్యము సేవించినవారు. హృద్రోగులు, రక్తపోటు మాత్రలు వాడువారు తమ వైద్యుని అనుమతి లేనిదే చేయకూడదు.

మధుమేహము గలవారిని ప్రత్యేకించి హెచ్చరింపవలెను. స్వేదమునకు తగనివారిలో చరకాచార్యులు మధుమేహిని కూడ చేర్చిరి. దీర్ఘకాలపు మధుమేహమున పాదములకు స్పర్శ తగ్గును. నీరు కాలుచున్నను వారికి తెలియదు. బొబ్బలెక్కిన పాదము పుండుపడి, చివరకు కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. నొప్పులకు వేడినీట కాళ్లు పెట్టుకొనుట ఇండ్లలో సామాన్యము గనుక ఈ మాట మరువరాదు.

మన మహానంది

గడివేముల, నంద్యాల ప్రాంతవాసులకు బుగ్గ క్రొత్త మాట కాదు. కాల్వబుగ్గ పేరులోనే అది ఉన్నది. నల్లమల పాదమున ఉన్న మహానందిలో గుండములు ఏడాది పొడవునా నిర్మలమైన ఊటనీటితో నిండియుండును. ఆ నీరు చలికాలమున గోరువెచ్చగా, వేసవిలో చల్లగా తోచును. మారునది నీరు కాదు, చుట్టునున్న గాలి. లోతైన నేలలో వేడిమి సంవత్సరమంతయు ఇంచుమించు ఒకే తీరున నిలిచియుండుటయే దీనికి కారణము.

కనుక మహానంది స్నానము స్వేదచికిత్స కాదు. అలసట తీర్చి, మనస్సునకు ప్రసన్నత నిచ్చు స్నానమిది. మోకాళ్ల నొప్పులకు మందులు మాని ఈ నీటినే నమ్ముకొనుట తగదు. జపాను వారి నుండి మనము నేర్వవలసినది ఒకటి కలదు: నలుగురు దిగు నీటిలో సబ్బు, నూనె కలుపరాదు. మహానంది నీరు గుండములతో ఆగక దిగువ పొలములకు, అరటితోటలకు పారుచున్నది.

ఇంటిలో చేయు విధానము

పైన చెప్పిన నిషేధములు లేనివారు వారమునకు రెండు మూడు పర్యాయములు ఇట్లు చేయవచ్చును.

1. ఉదయము ఆహారమునకు ముందు గోరువెచ్చని నువ్వులనూనె నడుమునకు, కీళ్లకు మృదువుగా మర్దించి అరగంట ఉండవలెను.

2. నాలుగు లీటర్ల నీటిలో రెండు గుప్పెళ్ల వావిలాకు వేసి పదిహేను నిమిషములు మరగించి, వడగట్టి, స్నానపు నీటిలో కలుపవలెను.

3. వేడి 38 నుండి 40 డిగ్రీలు చాలును. పెద్దలకు నీటివేడిని ఇంటిలోని మరియొకరు మోచేతితో చూడవలెను. తొట్టి లేనివారు ఆ నీటినే నడుముపై, మోకాళ్లపై ధారగా పోసికొనవచ్చును.

4. పది నిమిషములలో ముగించి, ఏదైన పట్టుకొని మెల్లగా లేవవలెను. బేతంచెర్ల నాపబండలు పరచిన గదిలో నూనె పడినచో జారును. ముందుగా గోనెపట్టా పరచుకొనుడు. తలుపు గడియ వేయరాదు.

5. తుడుచుకొని, దుప్పటి కప్పుకొని అరగంట విశ్రమింపవలెను. పిమ్మట గోరువెచ్చని నీరు, కొర్రజావ వంటి తేలికైన ఆహారము తీసికొనవలెను.

వాపు, ఎరుపు, వేడిమి కలిగిన కీలునకు ఈ విధానము పనికిరాదు. అట్టివారు వైద్యునకు చూపించుకొనవలెను.

జపాను పల్లెలోని సత్రమునకు మనమందరము పోలేము. పోవలసిన అవసరమును లేదు. శుచి, మితము, క్రమము, విశ్రాంతి, లఘుభోజనము అను ఐదింటిని పాటించినచో ఆ స్నానఫలములో అధికభాగము మన పెరటి నీటితోనే లభించును.