పంపు షాఫ్టుకు కీ గాడి: పనిని పరీక్షించు విధము

మోటారు తిరుగుచున్నను త్రాగునీటి పంపు నీరు తోడని సందర్భములు కలవు. మోటారు షాఫ్టును పంపు షాఫ్టుతో కలుపు కప్లింగులో ‘కీ’ అను చిన్న ఉక్కుముక్క తెగిపోవుట ఇందుకొక కారణము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు పంచాయతీల విషయములలో నొకటి. కావున మరమ్మతునకు సొమ్ము చెల్లించు సభ్యులు పనిలోని మంచిచెడ్డలను గుర్తింపవలెను.

కీ కూర్చుండుటకు షాఫ్టు పొడవునా తీసిన సన్నని పల్లమే గాడి. త్రిప్పు బలమంతయు కీ ప్రక్కలమీద పడును. పైన కొద్ది సందు ఉండును. గాడి వెడల్పు ఎక్కువైనచో కీ కదలి, గాడి అంచులు నలిగి, తుదకు షాఫ్టే పాడగును.

30 మిల్లీమీటర్ల షాఫ్టుకు 8 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. ఎత్తు గల కీ ప్రమాణము. సాధారణపు అమరికలో గాడి వెడల్పు 7.964 మి.మీ.కు తగ్గరాదు, 8 మి.మీ.కు మించరాదు. లోతు 4 మి.మీ.

ఇంతటి ఖచ్చితమైన పనికి మిల్లింగు యంత్రము తగినది. షాఫ్టును ‘వి’ దిమ్మెలపై బిగించి, అది కట్టరు నడచు దారికి సమాంతరముగా నున్నదో లేదో డయలు గేజితో చూడవలెను. తరువాత గాడి సరిగా నడుమ పడుటకై, తిరుగుచున్న 8 మి.మీ. కట్టరును షాఫ్టు ప్రక్కకు, నడుమ పలుచని కాగితముంచి, తాకింపవలెను. పిదప కట్టరును పైకెత్తి బల్లను 19 మి.మీ.తోపాటు కాగితపు మందమంత జరుపవలెను. ఈ 19లో షాఫ్టు సగము 15, కట్టరు సగము 4. ఒకేసారి లోతుగా కోసినచో కట్టరు వంగి గాడి వెడల్పగును. కొంచెము కొంచెముగా కోయుటయే మేలు.

గాడి తీసిన చోట షాఫ్టు పైభాగము తొలగిపోవును గనుక లోతును పైనుండి కొలుచుట పొరపాటు. గాడి అడుగునుండి షాఫ్టు ఎదుటి ప్రక్కవరకు వెర్నియరుతో కొలిచినచో 26 మి.మీ. రావలెను, 25.8 వరకు తగ్గవచ్చును.

వదులైన గాడిలో రేకుముక్కలు దూర్చుట మరమ్మతు కాదు. అవి నలిగి జారిపోవును. అట్టి షాఫ్టుకు వేరొక వైపున క్రొత్త గాడి తీయించుటయో, షాఫ్టునే మార్చుటయో యుక్తము. బిల్లుపై సంతకము చేయుటకు ముందు క్రొత్త కీని చేతితో కదల్చి చూడుడు. ప్రక్కలకు ఏమాత్రము ఊగినను పనిని తిరిగి చేయింపుడు.