బూటు పలచనైతే బరువెక్కడికి పోతుంది?

చెవులు రెండూ వేళ్ళతో గట్టిగా మూసుకుని, వట్టి కాళ్ళతో గచ్చు మీద మడమలు కొడుతూ నాలుగడుగులు నడవండి. తలలో ‘దబ్ దబ్’మని వినిపిస్తుంది. ఇప్పుడు మునివేళ్ళ మీద నడిచి చూడండి. చప్పుడు దాదాపు ఉండదు! గాలిలోంచి శబ్దం వచ్చే దారిని మీరు మూసేశారు కదా, మరి ఆ దబదబ ఎలా వచ్చింది? మడమ నుంచి ఎముకల గుండా తలదాకా ఎక్కివచ్చింది. మునివేళ్ళతో దిగినప్పుడు చీలమండ మడత పడి, పిక్క కండరం స్ప్రింగులా సాగి, ఆ దెబ్బను మధ్యలోనే పట్టేస్తుంది.

నడకలోనే ఇంత ఉంటే పరుగులో? పరుగెత్తే కాలు నేల మీద శరీరం బరువుకు రెండింతలకు పైగా బలం మోపుతుంది. మీ బరువు 40 కిలోలనుకోండి. అడుగడుగుకూ 80 కిలోలకు మించిన బరువు పడినట్లే. మడమతో దిగేవారిలో దీనికి ముందే, సెకనులో ఇరవయ్యో వంతు లోపల, ఒక కుదుపు తగులుతుంది. 1970ల నుంచి పరుగు బూట్ల మడమ కింద మెత్తని దిండు లాంటిది పెడుతున్నది ఈ కుదుపు కోసమే. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం చూడండి, ఆ దిండు చేసే పనీ అదే.

అయితే దిండు లేకుండా పరుగెత్తినవారు లేరా? ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ను వట్టి కాళ్ళతోనే గెలిచాడు. (1964లో టోక్యోలో బూట్లతోనూ గెలిచాడనుకోండి!) 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు డేనియల్ లీబర్‌మన్ బృందం తన పరిశోధన ప్రకటించింది. చిన్ననాటి నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తే కెన్యా వాసులు ఎక్కువగా పాదం ముందుభాగంతో దిగుతున్నారు. వారిలో ఆ తొలి కుదుపు కనబడలేదు. దానితో పలచని అడుగున్న బూట్లకు గిరాకీ పెరిగింది. తీరా 2013లో అదే కెన్యాలో దాసనాచ్ తెగవారిని పరీక్షిస్తే, చెప్పులెరుగని ఆ కాళ్ళు కూడా మామూలు వేగంలో ఎక్కువగా మడమతోనే దిగాయి! కనుక బూటు విప్పగానే పరుగు తీరు మారిపోతుందని అనుకోరాదు.

మారినా, బరువు మాయం కాదు, చోటు మారుతుంది. ముందుపాదంతో దిగితే మోకాలి మీద భారం తగ్గుతుంది. పిక్క మీద, మడమ వెనక తాడులా చేతికి తగిలే స్నాయుబంధనం మీద, పాదంలోని సన్నని పొడవాటి ఎముకల మీద పెరుగుతుంది. 2013లో అమెరికాలో 19 మంది పరుగువీరులు పది వారాల్లో మెల్లగా పలచని బూట్లకు మారారు. వారిలో పదిమందికి పాదం ఎముకల్లో వాపు పెరిగినట్లు స్కానింగులో కనబడింది. ఎముక కొత్త భారానికి తగ్గట్టు తనను తాను కట్టుకుంటుంది, నిజమే. కాని ముందు పాతదాన్ని తొలిచి, తర్వాతే కొత్తది పోస్తుంది. ఆ నడుమ కాలంలో అది బలహీనం.

ఈ సంగతి మా నస్పూర్ కుర్రకారుకు చాలా అవసరం. తండ్రులు ఇనుప ముక్కున్న బరువైన గని బూట్లు తొడుక్కుని డ్యూటీకి బయలుదేరే వేళకు, పిల్లలు కానిస్టేబులు ఉద్యోగం కోసం మైదానంలో ఉంటారు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవారు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకండ్లలో, ఆడవారు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకండ్లలో ముగించాలి. “సార్, బూట్లు విప్పేస్తే టైము తగ్గుతుందా?” అని పరీక్ష నెల రోజుల్లో పెట్టుకుని అడుగుతారు. ఒక్కో బూటు 100 గ్రాములు తేలికైతే పరుగుకు పట్టే శక్తి సుమారు ఒక శాతం తగ్గుతుంది. అది లాభమే. కాని నెలలో ఎముక కట్టుబడదు. పరీక్షనాడు కుంటుతూ వెళితే ఆ ఒక్క శాతం ఏ మూలకు? మారదలచినవారు మొదట నడకతో, తర్వాత రోజూ కొద్ది నిమిషాల పరుగుతో, నెలల తరబడి మారాలి. పాదం పైభాగాన నొక్కితే ఒకేచోట నొప్పి పుడితే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

బడిలో డ్రిల్లుకు వేసుకునే తెల్ల కాన్వాసు బూటు కూడా పలచనిదే. గాజుపెంకులు లేని ఇసుకలో 50 మీటర్లు ఒకసారి దానితో, ఒకసారి దళసరి బూటుతో పరుగెత్తండి. అడుగులు లెక్కపెట్టండి. ఏ జాడలో మడమ ఎక్కువ లోతు దిగిందో స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాసుకోండి.