ఇటలీ దేశము: నేల, ప్రజలు, పరిపాలనము

1780ల దశకమున నెల్లూరు చెంత నొక రైతు పొలము దున్నుచుండగా నాగలికి ఇటుకల కట్టడ మొకటి యడ్డుపడినది. త్రవ్వి చూడగా చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద నొక చిన్న కుండయు బయల్పడినవి. కుండనిండ రోము చక్రవర్తుల కాలపు బంగారు నాణెములుండెను. ట్రేజను, హేడ్రియను అను చక్రవర్తుల పేరులును, ఫాస్టీనా యను రాణి పేరును వానిపై గానవచ్చెను. ఆ రైతు వానిని పాత బంగారముగా నమ్మివేసెను. పెక్కు నాణెములు కంసాలుల మూసలలో కరగిపోయినవి. కొన్నిమాత్రము ఆర్కాటు నవాబు కుటుంబమువారి చేతికి వచ్చి నిలిచినవి.

ఆ నాణెములను చెలామణి చేసిన ప్రభుత్వమునకు రాజధాని ఇటలీ దేశమందలి రోము నగరము. మన తీరమునకును ఆ దేశమునకును గల పరిచయ మంత ప్రాచీనమైనది. అయినను నేడు మన రైతులు ఆ దేశమునుగూర్చి ముఖ్యముగా నెరుగవలసినది బంగారముమాట గాదు, నీటిమాట. వరి పండించుచు, కాలువనీటిని సంఘముగా గూడి పంచుకొనుచు, ఉప్పునీటితో పోరాడుచున్న కర్షకులు అచటను గలరు. వారి దేశమెట్టిదో, వారి పరిపాలన యెట్టిదో సంగ్రహముగా దెలుపుట యీ వ్యాసమున కుద్దేశము.

దేశ స్వరూపము

ఇటలీ ఐరోపా ఖండమున దక్షిణభాగమున మధ్యధరా సముద్రములోనికి చొచ్చుకొని పోయిన ద్వీపకల్పము. పటములో చూచినవారికి కాలిజోడు తొడిగిన పాదమువలె గనబడును. వైశాల్యము రమారమి 3 లక్షల చదరపు కిలోమీటర్లు; అనగా ఆంధ్రప్రదేశమునకు రెట్టింపుకంటె కొంచెము తక్కువ. జనసంఖ్య 6 కోట్లకు కొంచెము లోపు. సిసిలీ, సార్డీనియా అను రెండు పెద్ద దీవు లందు జేరియున్నవి. సాన్ మరీనో, వాటికన్ నగరము అను రెండు చిన్న స్వతంత్ర రాజ్యములు ఆ దేశపు ఎల్లలలోపలనే యిమిడి యున్నవి.

ఉత్తరమున మంచుతో నిండిన ఆల్ప్సు పర్వతములు కోటగోడవలె నిలిచియున్నవి. నడుమ అపెనైను కొండలు వెన్నెముకవలె దేశముపొడవునను సాగినవి. వెసూవియసు, ఎట్నా అను అగ్నిపర్వతములు దక్షిణమున గలవు. దేశములో కొండలును గుట్టలునే హెచ్చు. మైదానము నాలుగింట నొకవంతునకు లోపు. ఆ మైదానములో మేలైనభాగము పో నది పరీవాహకము.

పో నది పొడవు 652 కిలోమీటర్లు. మన పెన్న 597 కిలోమీటర్లు. పొడవులో అంతరము స్వల్పమేయైనను నీటిలో అంతరము మిక్కుటము. పెన్న వానలపై నాధారపడిన నది. వాన గురియనిచో ఇసుకయే మిగులును. పో నదికిని, ముఖ్యముగా దాని యుపనది డోరా బాల్టియాకును, ఆల్ప్సు మంచు వేసవిలో కరగి నీరిచ్చును. ఎండ ముదిరినకొలది కాలువలో నీరు హెచ్చును. వరికి దప్పిక హెచ్చగు కాలముననే నదికి నీరు హెచ్చగుట అచటి రైతు భాగ్యము.

వెర్చెల్లి, నొవారా, పావియా అను ప్రాంతములు వరికి ప్రసిద్ధములు. 15వ శతాబ్దమునాటికే ఆ మైదానమున వరిసాగు నెలకొన్నది. ఐరోపా సమాఖ్యలో పండు వరిధాన్యమున రమారమి సగము ఇటలీదే. ఏప్రిలు, మే నెలలలో విత్తి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోయుదురు. ఏటికి ఒకటే పంట. మడిలో నిలిపిన నీరు దాహమును దీర్చుటయే గాక, రాత్రివేళల చలినుండి లేతమొక్కను దుప్పటివలె గాపాడును. మనకు మొలగొలుకు లెట్లో వారికి కార్నరోలీ, అర్బోరియో యను రకము లట్లు పేరొందినవి.

ప్రజలు

ప్రజల భాష ఇటాలియను. ప్రాంతీయ భాషలును పలుకుబడులును పెక్కు. మతము హెచ్చుమందికి కేథలిక్కు క్రైస్తవము. ఉత్తరభాగము పరిశ్రమలతో సంపన్నము. దక్షిణభాగము చిరకాలము పెద్ద భూస్వాముల చేతిలో నుండి వెనుకబడినది. 1876 మొదలు మొదటి ప్రపంచయుద్ధమువరకు కోటికి పైగా జనులు బ్రతుకుతెరువునకై అమెరికాకును ఇతరదేశములకును వలసపోయిరి. నేడు కాలము తారుమారైనది. పో మైదానమందలి పాడిశాలలలో మన పంజాబు సోదరు లనేకులు పనిచేయుచున్నారు.

మధ్య ఇటలీలో సగపాలు సేద్యము శతాబ్దములపాటు సాగెను. భూమి దొరది, శ్రమ రైతుది, పంట చెరిసగము. 1964 నాటి శాసనము క్రొత్తగా అట్టి యొడంబడికలు వ్రాసికొనుటను నిషేధించెను; 1982 నాటి శాసనము మిగిలిన సగపాళ్లను కౌలుగా మార్చుటకు మార్గ మేర్పరచెను. దక్షిణమున భూమిలేని రైతులు పెద్ద కమతములలో ప్రవేశించి యాందోళన సల్పిన పిమ్మట 1950లో భూసంస్కరణ శాసనములు వచ్చినవి.

వరిపొలములలో కలుపుతీయు స్త్రీలను మొందీనెలందురు. ఏటేట వేసవి మొదట వేలాది స్త్రీలు దూరప్రాంతములనుండి రైళ్లలో వచ్చి, మోకాలిలోతు నీటిలో, దోమలనడుమ, నడుము వంచి పనిచేసెడివారు. 1906లో వెర్చెల్లి ప్రాంతమున సమ్మెచేసి ఎనిమిదిగంటల పనిదినమును సాధించినవారు ఈ స్త్రీలే. కలుపుమందులు వచ్చినపిమ్మట వారి పని యంతరించినది. వారి పేరు మాత్రము నిలిచినది.

పరిపాలనము

పూర్వ మనేక సంస్థానములుగా చీలియున్న ఇటలీ 1861లో ఒకే రాజ్యమైనది. 1870లో రోము నగర మందు జేరినది. 1922 మొదలు 1943 వరకు ముస్సోలినీ నిరంకుశాధికారము చెల్లెను. యుద్ధానంతరము 1946 జూన్ 2వ తేదీన రాజరికమా, గణతంత్రమా యని ప్రజల నడిగిరి. దేశవ్యాప్తమైన యెన్నికలో స్త్రీలు పాల్గొనుట అదియే మొదలు. గణతంత్రమునకు 1 కోటి 27 లక్షల ఓట్లును, రాజరికమునకు 1 కోటి 7 లక్షల ఓట్లును వచ్చినవి. 1948 జనవరి 1వ తేదీన నూతన రాజ్యాంగ మమలులోనికి వచ్చెను.

ఇటలీ శ్రమ పునాదిగా గల ప్రజాస్వామిక గణతంత్రమని రాజ్యాంగపు 1వ అధికరణము చెప్పుచున్నది. పరస్పర సహాయమే స్వరూపముగా గలిగి, లాభాపేక్ష లేని సహకారోద్యమమునకు గల సాంఘిక ప్రయోజనమును 45వ అధికరణము గుర్తించుచున్నది. ఒక దేశపు మూలశాసనమందే సహకారమునకు స్థానము లభించుట మనకు ముదావహము.

పార్లమెంటున రెండు సభలు. 2020 నాటి ప్రజాభిప్రాయ సేకరణము ననుసరించి దిగువసభ సభ్యుల సంఖ్య 630 నుండి 400కును, సెనేటునకు ఎన్నికగువారి సంఖ్య 315 నుండి 200కును తగ్గించిరి. అధ్యక్షుని పార్లమెంటు సభ్యులును ప్రాంతముల ప్రతినిధులును గూడి ఏడేండ్లకు ఎన్నుకొందురు, కార్యభారము ప్రధానమంత్రిది. దేశమున 20 ప్రాంతములును, వానిలో రమారమి 7,900 కొమ్యూనులును గలవు. కొమ్యూనన మన పంచాయతీ, పురపాలక సంఘముల వంటిది. దాని మేయరును 1993 మొదలు ప్రజలే నేరుగా ఎన్నుకొనుచున్నారు.

1946 మొదలు నేటివరకు ఆ దేశమున అరువదికి పైగా మంత్రివర్గములు మారినవి. కొన్ని నెలలకే కూలినవియు గలవు. అయినను పొలమునకు రావలసిన నీరు దానివలన నిలిచిపోలేదు. కారణమేమి? నీటి పంపకము మంత్రుల చేతిలో లేదు. రైతుల చేతిలో నున్నది.

వెర్చెల్లి రైతుల నీటి సంఘము

1853లో పీడ్మాంటు రాజ్యమునకు ప్రధానియైన కవూరు ప్రోత్సాహముతో సెసియా నదికి పడమటనున్న వెర్చెల్లి రైతులు ఒక నీటి సంఘమును స్థాపించిరి. ప్రభుత్వము నీటిని మొత్తముగా కొలిచి సంఘమునకు అమ్ముచుండెడిది. ఎవరి కెంత నీరు, ఏ దినమున, ఏ మడికి అనునది సంఘమే నిర్ణయించును. 20వ శతాబ్దారంభమున ఆ సంఘమున రమారమి 14,000 మంది సభ్యులును, 1,41,000 ఎకరముల ఆయకట్టును ఉండెను. ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది.

దాని కట్టుబాట్లు తెలిసికొనదగినవి. ప్రతి గ్రామమందును నీరు వాడుకొను రైతులందరును ఒక ఉపసంఘము. ఉపసంఘములు ప్రతినిధుల నెన్నుకొనును. ఆ ప్రతినిధుల సభ ఏటికి రెండుమార్లు సమావేశమగును. ఆ సభ మూడు మండలుల నెన్నుకొనును: కార్యము నడుపునది యొకటి, లెక్కలను తనిఖీ చేయునది యొకటి, తగవులు తీర్చునది యొకటి. రైతు తాను ఎన్ని ఎకరములలో ఏ పైరు వేయునో ముందుగా చెప్పవలెను. తన పొలమునుండి పోవు కాలువయైనను తూము ముట్టుటకు ఏ రైతునకును హక్కులేదు. ఆ పని సంఘపు కాపలాదారులది. ఇందు ఎగువవాడు, దిగువవాడు అను భేదము లేదు.

ఈ పద్ధతి బలమెంతటిదో కవూరు కాలువ చరిత్రవలన దెలియగలదు. వెర్చెల్లి వాస్తవ్యుడు, భూముల సర్వే తెలిసిన ఫ్రాంచెస్కో రోస్సి ఊహించిన యా కాలువను కార్లో నోయె యను ఇంజనీరు రూపొందించెను. రమారమి 85 కిలోమీటర్ల కాలువను 1863 మొదలు 1866 వరకు మూడేండ్లలోపల త్రవ్విరి. డోరా బాల్టియా నదిమీద వంతెనగాను, సెసియా నదిక్రింద సైఫనుగాను అది దాటిపోవును. కాలువ నిలిచినది, విదేశీ మూలధనముతో దానిని నిర్మించిన కంపెనీ మాత్రము అచిరకాలములోనే దివాలా తీసెను, తుదకు ప్రభుత్వము దానిని తీసికొనవలసి వచ్చెను. రైతుల సంఘమో, ఆ కంపెనీకి పదేండ్లు ముందు పుట్టి, ఇన్ని తరములు దాటి జీవించియున్నది.

ఈ పాఠము మన రాష్ట్రమునకు కొత్తది గాదు. ఇటలీ కాలువలను పరిశీలించి 1850ల దశకమున గ్రంథము వ్రాసిన బెయిర్డు స్మిత్తు దొరయే 1856లో కావేరి, కృష్ణా, గోదావరుల యానకట్టలపై నివేదిక ప్రకటించెను. పరపతి విషయమునను ఇట్టిదే జరిగెను. 1883లో లోరెజ్జియా గ్రామమున లియోనె వోలెంబోర్గు ఇటలీలో మొదటి గ్రామీణ పరపతి సంఘమును స్థాపించెను. ఇటలీ, జర్మనీ మున్నగు దేశముల సంఘములను పరిశీలించి మద్రాసు ప్రభుత్వమునకు ఫ్రెడరిక్ నికల్సను 1895, 1897లలో నివేదికలు సమర్పించెను. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు ఆ కృషి దారి చూపినది.

సముద్రతీరపు కష్టములు

పో నది ఏడ్రియాటిక్కు సముద్రమున గలియుచోట భూమి సముద్రమట్టమునకు లోతుగా నున్నది. మురుగునీటిని రేయింబవళ్లు పంపులతో తోడి పోయవలెను. ఈ పని భూమిగలవారే పన్ను వేసికొని, పాలకవర్గము నెన్నుకొని నడుపు సంఘములది. సముద్రపుటొడ్డు చిత్తడినేలలను సాగులోనికి దెచ్చుటలో కూలీలును సహకారులైరి. 1883లో రవెన్నాలో స్థాపితమైన కూలీల సంఘమువారు 1884లో రోము చేరువనున్న ఓస్టియా తీరమునకు పోయి, మలేరియా జ్వరములకు లోనగుచును అచటి బురదనేలల నీటిని తీసిరి.

దురాశ వలని నష్టమును వారనుభవించిరి. 20వ శతాబ్ది మధ్యకాలమున ఆ డెల్టాలో సహజవాయువుకై భూగర్భజలమును విచ్చలవిడిగా తోడగా నేల కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా క్రుంగినది. 1960ల దశకారంభమున ప్రభుత్వ మా పనిని ఆపించెను. క్రుంగిన నేల మాత్రము తిరిగి లేవలేదు. 1951 నవంబరులో పో నది గట్టు తెగి లక్షకు పైగా జనులు నిరాశ్రయులైరి. 2022లో అనావృష్టివలన నది సన్నగిల్లగా సముద్రపు ఉప్పునీరు ముప్పది కిలోమీటర్లకు పైగా ఎగువకు ప్రాకెను. వరిపొలములు పెక్కు ఎండిపోయినవి. ఆల్ప్సు మంచు తరుగుచున్న కొలది వారి భాగ్యమును తరుగుచున్నది. ఇకమీదట వారి నదియు మన పెన్నవలెనే వానకు ఎదురుచూడవలసి వచ్చునేమో!

మనకు గ్రాహ్యమైనది

మనకును నిర్మాణములకు లోటులేదు. సోమశిల జలాశయము కలదు. 2022 సెప్టెంబరులో సంగము, నెల్లూరు బారేజీలు ప్రారంభమైనవి. చట్టమునకును లోటులేదు. 1997 నాటి శాసనము ననుసరించి కాలువకు నీటి వినియోగదారుల సంఘమును, దానిపై డిస్ట్రిబ్యూటరీ కమిటీయు, ప్రాజెక్టు కమిటీయు ఏర్పడవలెను. వెర్చెల్లి కట్టుబాటునకును దీనికిని పోలిక స్పష్టము. కాని ఎగువ తూము రాత్రివేళ తెరచుకొనుచుండగా, కాలువ చివరనున్న కౌలురైతు నారుమడి ఎండబెట్టుకొని కూర్చుండు గ్రామములు మన తీరమున లేవని చెప్పగలమా? నీరందని చివరి భూమికి రొయ్యలచెరువు ఉప్పు తోడైనచో ఆ భూమి మరల వరికి వచ్చుట కష్టము.

కాబట్టి సభ్యులు మూడు పనులను ఈ సంవత్సరమే తమ గ్రామములలో ఆరంభింపవచ్చును. సార్వాకు ముందే సభ చేసి ఎవరెన్ని ఎకరములలో ఏ పైరు వేయుదురో పుస్తకమున నెక్కించుట మొదటిది. తూముల తాళములు ఒక్క లస్కరు చేతనుంచి, అతనికి సంఘము అండగా నిలుచుట రెండవది. తగవు తీర్చుటకు ముగ్గురు పెద్దలను ముందుగానే ఎన్నుకొని, వారిలో ఒకరిని కాలువ చివరి రైతులనుండియే తీసికొనుట మూడవది. వీనికి ధనముతో పనిలేదు. మాటమీద నిలుచుట చాలును. నూటడెబ్బది యేండ్లకు పైగా వెర్చెల్లి రైతులు చేసిన దింతకంటె హెచ్చుగాదు.